షిఫ్ట్ కిట్ ఇంట్లో బిగించుకోవచ్చా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సెకండ్‌హ్యాండ్‌లో ఆటోమేటిక్ బండ్లు కొంటున్నవాళ్లు మన జిల్లాల్లో బాగా పెరిగారు. దాంతో పాటు గేరు జెర్కు ఇస్తోందని, గేరు ఆలస్యంగా పడుతోందని రాస్తున్నవాళ్లూ పెరిగారు. చాలామంది అడిగింది షిఫ్ట్ కిట్ గురించే కాబట్టి ఈసారి చోటంతా దానికే ఇస్తున్నాం.

ప్రశ్న: నా పాత డీజిల్ ఎస్‌యూవీలో నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉంది. ప్లేటు మీద ఏ340 అని రాసి ఉంది. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం ఊరికే గొంతెత్తి, ఆ తర్వాత గేరు పడుతోంది. ఆటోనగర్‌లో చూపిస్తే షిఫ్ట్ కిట్ వేస్తే సరిపోతుందన్నారు. అసలు అది ఏం చేస్తుందండీ? – పటమట, విజయవాడ

గేర్‌బాక్సు అడుగున, ఆయిల్ పాన్‌కి సరిగ్గా పైన, సన్నటి దారులు తొలిచిన అల్యూమినియం దిమ్మ ఒకటి ఉంటుంది. అదే వాల్వ్ బాడీ. ఏ క్లచ్చుకి ఎప్పుడు, ఎంత వేగంగా, ఎంత ఒత్తిడితో ఆయిల్ వెళ్లాలో అక్కడే తేలుతుంది. కూర్చున్నవాళ్లకి గేరు మారిన సంగతే తెలియకూడదని కంపెనీలు ఆ ఆయిల్‌ని కావాలనే నెమ్మదిగా పంపిస్తాయి. సన్నటి రంధ్రం గుండా వచ్చిన ఆయిల్ ముందు అక్యుములేటర్ అనే స్ప్రింగు పిస్టన్‌ని నొక్కుతుంది. అది కదిలినంతసేపూ క్లచ్చు మీద ఒత్తిడి మెల్లమెల్లగా పెరుగుతుంది. ఆ కాసేపు క్లచ్చు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. జారినంతసేపూ వేడి పుడుతుంది, లైనింగు అరుగుతుంది.

షిఫ్ట్ కిట్ ఈ జారే సమయాన్ని తగ్గిస్తుంది. పెట్టెలో సాధారణంగా ప్రెజర్ రెగ్యులేటర్‌కి గట్టి స్ప్రింగు, అక్యుములేటర్లకి వేరే స్ప్రింగులు, చెక్ బాల్స్ (ఆయిల్‌ని ఒకవైపే పోనిచ్చే చిన్న గుండ్లు), ప్యాకింగులు, వాల్వ్ బాడీ రెండు సగాల మధ్య ఉండే సెపరేటర్ ప్లేటులో రంధ్రాలు పెద్దవి చేయడానికి డ్రిల్ బిట్టు, సూచనల కాగితం ఉంటాయి. కొన్నిటిలో రంధ్రాలు వేసేసిన ప్లేటే వస్తుంది. లైన్ ప్రెజర్, అంటే గేర్‌బాక్సులోని అసలు ఆయిల్ ఒత్తిడి, పదో వంతు పెరిగితే క్లచ్చు పట్టు కూడా దాదాపు అంతే పెరుగుతుంది. బరువు లాగే బండికి, ఘాట్ ఎక్కే బండికి ఇది నిజంగా మేలు చేస్తుంది.

అయితే క్లచ్చు లైనింగు అప్పటికే అరిగిపోయి ఉంటే కిట్ దాన్ని తిరిగి పుట్టించలేదు. మీ బండి విషయంలో మా అనుమానం అదే. ఏ340లో మూడో గేరుకీ రివర్సుకీ పనిచేసేది ఒకే క్లచ్చు, డైరెక్ట్ క్లచ్. రెండు–మూడు మధ్య జారుతోందంటే ముందు రివర్స్ ఎలా పడుతోందో చూడాలి. దానికి చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ ఉంటే చాలు. బండి బాగా వేడెక్కాక ఏసీ ఆపి, చక్రాలకి అడ్డాలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, బ్రేకు తొక్కి ఉంచండి. న్యూట్రల్ నుంచి డీకి వేసి, గేరు పట్టిన కుదుపు తెలిసేదాకా సమయం కొలవండి. ఒక నిమిషం ఆగి మళ్లీ కొలవండి. అలా మూడుసార్లు కొలిచి సగటు తీయండి. రివర్స్‌కీ ఇదే పద్ధతి. ఈ కుటుంబం గేర్‌బాక్సులకు డీ 1.2 సెకన్ల లోపు, రివర్స్ 1.5 సెకన్ల లోపు పడాలి. రెండూ ఆలస్యమైతే లైన్ ప్రెజరే తక్కువగా ఉందని అర్థం. రివర్స్ ఒక్కటే ఆలస్యమై, రెండు–మూడు మధ్య జారుడు కూడా ఉంటే డైరెక్ట్ క్లచ్ అరిగినట్టే. అప్పుడు గేర్‌బాక్సు దించాల్సిందే. కిట్‌కి పెట్టే డబ్బు ఆ పనికి దాచుకోండి.

రెండూ సమయానికి పడుతుంటే పైసా ఖర్చు లేని పని ఇంకొకటుంది. ఈ గేర్‌బాక్సుల్లో కేబుల్ ఉన్న రకాలకు యాక్సిలరేటర్ వైపు నుంచి త్రాటిల్ కేబుల్ ఒకటి లోపలికి వెళ్తుంది. ఎంత తొక్కుతున్నారో దాన్నిబట్టి ఒత్తిడి పెంచేది అదే. ఒకరిచేత యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి చూడండి. కేబుల్ మీద నొక్కిన చిన్న స్టాపర్‌కీ, బయటి తొడుగు చివరకీ మధ్య సందు 0 నుంచి 1 మిల్లీమీటరు ఉండాలి. కేబుల్ సాగి ఆ కొలత తప్పితే ఒత్తిడి పడిపోతుంది, గేరు జారుతుంది. రెండు నట్లు తిప్పి దాన్ని సరిచేసిన తర్వాతే మిగతా సంగతి ఆలోచించండి.

ప్రశ్న: నాదీ అదే గేర్‌బాక్సు. ఆయిల్ ఎర్రగా శుభ్రంగా ఉంది, గేర్లు సమయానికే పడుతున్నాయి. కాకపోతే సరుకు వేసుకుని కొండవీడు ఘాట్ ఎక్కేటప్పుడు షిఫ్టులు మరీ మెత్తగా సాగుతున్నాయి. కిట్ తెప్పించాను. బైకు ఇంజిన్లు, కారు క్లచ్చు పని సొంతంగా చేసిన అలవాటుంది. ఇంటి షెడ్డులో బిగించాలనుకుంటున్నాను. వరుసగా చెప్తారా? – బ్రాడీపేట, గుంటూరు

కిట్ వేయదగ్గ బండి మీదే. గేర్‌బాక్సు దించనక్కర్లేదు, పని మొత్తం కింద నుంచే అవుతుంది. తొందరపడకుండా ఒక పూర్తి రోజు పెట్టుకోండి.

పెట్టె విప్పేముందు కిట్ మీది కోడునీ, బండి ప్లేటు మీది గేర్‌బాక్సు కోడునీ అక్షరం అక్షరం పోల్చండి. ఏ340ఈ, ఏ340ఎఫ్, ఏ340హెచ్ ఒకటి కావు. బండి పేరు చెప్పి కొన్న కిట్ చాలాసార్లు వేరే రకానిది వస్తుంది. కిట్ కాగితంలో వీధి వాడకానికి, బరువు లాగడానికి, రేసుకి అని స్థాయిలుంటే మొదటిదో రెండోదో చాలు. మూడోది ఇంట్లో వాడే బండికి వద్దు.

పనిముట్లలో తప్పనిసరి చిన్న టార్క్ రెంచి. 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య చూపించేది కావాలి. చక్రం నట్లు బిగించే పెద్ద రెంచి ఇక్కడ పనికిరాదు. 10 మిల్లీమీటర్ల సాకెట్టు, వెడల్పాటి ట్రే, చేతితో తిప్పే చిన్న డ్రిల్ పిడి, దళసరి తెల్ల అట్ట, వ్యాజ్‌లైన్ సిద్ధం చేసుకోండి. బనియన్ వేస్ట్‌ని షెడ్డులోంచే తీసేయండి. దాని పోగు ఒక్కటి వాల్వ్ సందులో ఇరుక్కుంటే ఆ గేరు అక్కడే ఆగిపోతుంది. నూలు రాలని గుడ్డ వాడండి. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిలో తేమ ఉంటుంది, దానితో భాగాలు ఊదకండి. మిర్చి యార్డు వైపు గాలి దుమ్ముగా వీచే రోజుల్లో షెడ్డు తలుపు మూసి చేయడం మంచిది.

బండిని సమతలంగా నాలుగు స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు. సైలెన్సర్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, డ్రెయిన్ బోల్టు విప్పి, వచ్చిన ఆయిల్‌ని కొలత గీతలున్న డబ్బాలో పట్టండి. ఎంత తీశారో తెలియకపోతే ఎంత పోయాలో తెలియదు. మొత్తం ఆయిల్‌లో మూడో వంతు నుంచి సగం దాకా మాత్రమే ఇలా వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లోనూ (ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగం) కూలర్‌లోనూ ఉండిపోతుంది. పాన్ సిలికాన్ గమ్‌తో అంటుకుని ఉంటే పల్చటి కత్తితో కోయండి. స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే అల్యూమినియం అంచు గీతలు పడి జీవితాంతం కారుతుంది.

పాన్‌లోని అయస్కాంతాలు చూడండి. బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు. గోరుకి తగిలే ఇనుప ముక్కలో, ఇత్తడి మెరుపో, నల్లటి నూలులాంటి ముద్దో ఉంటే కిట్ పక్కన పెట్టి పాన్ మూసేయండి. లోపల బుష్షో క్లచ్చో పోతోంది.

అన్నీ బాగుంటే ఫిల్టరు విప్పండి, మరికొంత ఆయిల్ కారుతుంది. ఇనుప ఆయిల్ గొట్టాలుంటే రెండు చివరలూ సమానంగా లేపుతూ తీయాలి, వంగితే పనికిరావు. సాలినాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసే వాల్వ్) కనెక్టర్లకు రంగు టేపు గుర్తులు పెట్టండి. పాతబడిన ప్లాస్టిక్ గొళ్లెం పెళుసుగా ఉంటుంది, వైరు పట్టి లాగకుండా గొళ్లెం నొక్కి తీయండి. త్రాటిల్ కేబుల్ కొసని దాని క్యామ్ నుంచి తప్పించండి.

ఇక వాల్వ్ బాడీ బోల్టులు. వీటి పొడవులు రకరకాలు. తెల్ల అట్ట మీద వాల్వ్ బాడీ ఆకారం గీసి, ఏ చోటి బోల్టుని ఆ చోటే గుచ్చండి. పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు వేస్తే అడుగు తగిలి, బిగిసినట్టే అనిపించి భాగాన్ని మాత్రం నొక్కదు. పొడుగు రంధ్రంలో పొట్టిది వేస్తే రెండు మూడు మరలే పట్టి అల్యూమినియం మర ఊడివస్తుంది. చివరి రెండు బోల్టులు విప్పేటప్పుడు కింద ఒక చేయి ఆనించి ఉంచండి. ఈ గేర్‌బాక్సులో అక్యుములేటర్ పిస్టన్లు కేసింగులోనే ఉంటాయి. వాటి స్ప్రింగుల్ని ఆపి ఉంచేది వాల్వ్ బాడీయే. అది దిగగానే స్ప్రింగులూ, చెక్ బాల్ బాడీ అనే చిన్న ముక్కా ట్రేలోకి జారతాయి. ఏది ఏ గుంటలోంచి వచ్చిందో, దాని రంగేమిటో అక్కడికక్కడే రాసుకోండి.

బల్ల మీద రెండు సగాలు విడదీసేటప్పుడు సెపరేటర్ ప్లేటుని పై సగానికి వేళ్లతో నొక్కిపట్టి, దాంతోపాటే తిరగేసి, ఆ తర్వాత ప్లేటు లేపండి. అలా చేస్తే చెక్ బాల్స్ ఎక్కడివక్కడే ఉంటాయి. కదిలించకముందే ఫొటో తీసి, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కిట్ కాగితం కొన్ని బాల్స్ తీసేయమంటే అవే తీయాలి, అంతకు మించి కాదు.

ప్లేటు డ్రిల్లింగే ఈ పనిలో వెనక్కి తీసుకోలేని ఘట్టం. రంధ్రం వ్యాసం కొంచెం పెరిగినా దాని వైశాల్యం వర్గం లెక్కన పెరుగుతుంది. 1.6 మిల్లీమీటర్ల రంధ్రాన్ని 2 మిల్లీమీటర్లు చేస్తే ఆయిల్ దారి 56 శాతం పెరిగినట్టు. అందుకే ‘సుమారుగా ఇదే సైజు’ అని ఇంట్లో ఉన్న బిట్టు వాడకండి, కిట్‌లో వచ్చిందే వాడండి. ప్లేటుని చెక్క మీద పెట్టి, చేతి డ్రిల్‌తో నిటారుగా తిప్పండి. రెండు వైపులా లేచిన అంచుని నూనెరాయి మీద చదునుగా రుద్ది, వెలుతురుకి పెట్టి చూడండి. సగం ఊడిన చిన్న రవ్వ తర్వాత చెక్ బాల్ కిందికి చేరుతుంది. ఏ రంధ్రమో అనుమానంగా ఉంటే ఆపేయండి. రంధ్రం ఒకసారి పెద్దదైతే కొత్త ప్లేటు కొనడమే దారి.

స్ప్రింగులు మార్చేటప్పుడు ఒక్కో వాల్వ్ వరసనే తీసి, మార్చి, మూసి, ఆ తర్వాత ఇంకోటి ముట్టుకోండి. రెండు వరసలు ఒకేసారి బయట పెట్టవద్దు. ఆయిల్‌తో తడిపిన వాల్వ్ దాని బోరులో సొంత బరువుకే జారాలి. ఎక్కడైనా ఆగితే శుభ్రం చేయండి, ఎమెరీ పేపరు మాత్రం పెట్టకండి. ఎమెరీతో బోరు అంచు గుండ్రబడితే ఒత్తిడి అక్కడి నుంచే కారిపోతుంది. చెక్ బాల్స్‌ని నిలపడానికి వ్యాజ్‌లైన్ వాడండి. అది వేడికి ఆయిల్‌లో కరిగిపోతుంది. గ్రీజు కరగదు, రంధ్రాలు మూసేస్తుంది.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు వేలితోనే తిప్పి కూర్చోబెట్టండి. ఆ తర్వాత మధ్య నుంచి బయటికి, రెండు దఫాలుగా బిగించండి. ఈ కుటుంబంలో వాల్వ్ బాడీ సగాలకు 6.4, కేసింగుకి బిగించే బోల్టులకు 10, పాన్‌కి 7.4, డ్రెయిన్ బోల్టుకి 20 న్యూటన్ మీటర్లు. మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. వాల్వ్ బాడీ పైకి లేపేటప్పుడు గేరు లివరు పిన్ను, ఆ లివరుతో కదిలే మాన్యువల్ వాల్వ్ గాడిలో కూర్చుందో లేదో టార్చి వేసి చూడండి. ఇంట్లో చేసినవాళ్లు ఎక్కువగా మరిచేది ఇదే. పిన్ను బయట ఉండిపోతే లివరు కదులుతుంది, గేరు మాత్రం మారదు. అంతా మళ్లీ విప్పాలి.

తీసినంత ఆయిలే కొలిచి పోయండి. స్టార్ట్ చేసి, బ్రేకు మీద లివరుని పీ నుంచి ఎల్ దాకా, మళ్లీ పీకి, ప్రతిచోటా రెండు మూడు సెకన్లు ఆపుతూ తిప్పండి. బండి వేడెక్కాక ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ ‘హాట్’ గీతల మధ్యకి వచ్చేలా కొంచెం కొంచెం కలపండి. ఎక్కువ పోస్తే తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి. నురగ ఒత్తిడిని నిలపలేదు, బ్రీతర్ అనే గాలి గొట్టం గుండా బయటికి కారుతుంది కూడా.

మొదటి రోజు మెల్లగా, తక్కువ యాక్సిలరేటర్‌తో నడపండి. అప్పుడు ఈ లోపాలేవైనా కనిపిస్తే కారణం ఇక్కడ వెతకండి. ఆగి ఉన్న బండి మూడో గేరుతో కదులుతుంటే, లేదా గేర్ల వరస తప్పితే, సాలినాయిడ్ కనెక్టర్లు తారుమారయ్యాయి. ఏదో ఒక్క గేరు మాత్రమే లేకపోతే ఆ దారిలో చెక్ బాల్ తప్పిపోయింది, లేదా ప్యాకింగు తిరగబడింది. అన్ని గేర్లూ ఆలస్యంగా పడుతుంటే ఆయిల్ లెవెలు, ఫిల్టరు బిగింపు, ప్రెజర్ రెగ్యులేటర్ స్ప్రింగు చూడండి. షిఫ్టుకి వెనక నుంచి ఎవరో తన్నినట్టు కొడుతుంటే రంధ్రం మరీ పెద్దదయింది, లేదా అక్యుములేటర్ స్ప్రింగు వేరే గుంటలో పడింది. అదే అలవాటైపోతుందని నడపకండి. ఆ దెబ్బ ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల మీద, ఇంజిన్ మౌంటింగుల మీద, గేర్‌బాక్సులోని వన్‌వే క్లచ్చుల మీద పడుతుంది. సరిగ్గా కుదిరిన కిట్ షిఫ్టు గట్టిగా తెలుస్తుంది, ఒంటికి దెబ్బలా తగలదు.

పాత ఆయిల్ సగమో, అంతకంటే ఎక్కువో లోపలే ఉంది కాబట్టి వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి డ్రెయిన్ చేసి నింపండి. అప్పుడు అయస్కాంతాలు చూసే వీలుంటే మరీ మంచిది.

ప్రశ్న: మా ఇంట్లో ఒకటి ఏఎంటీ, ఇంకొకటి సీవీటీ. వీటికీ షిఫ్ట్ కిట్ దొరుకుతుందా? – తెనాలి

ఏఎంటీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సు, మామూలు క్లచ్చు. కాలికి, చేతికి బదులు యాక్చుయేటర్ పనిచేస్తుందంతే. కిట్ వేయడానికి అందులో వాల్వ్ బాడీయే లేదు. జెర్కు పెరిగితే క్లచ్చు అరుగుదల చూపించి, స్కానర్‌తో క్లచ్చు పట్టే పాయింటు మళ్లీ నేర్పించమనండి. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది. ఒత్తిడితో ఆటలాడితే బెల్టూ పుల్లీ రెండూ పోతాయి. కంపెనీ చెప్పిన సీవీటీ ఆయిల్ మాత్రమే వాడండి. మామూలు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) పొరపాటున కూడా పోయనివ్వకండి.

ప్రశ్న: ఆరు గేర్ల ఆటోమేటిక్ సెడాన్. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నెమ్మదించేటప్పుడు మూడు నుంచి రెండుకి దిగితే ‘ధడ్’మని కొడుతోంది. లక్ష కిలోమీటర్లు దాటింది, గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడూ మార్చలేదు. జీవితాంతం మార్చనక్కర్లేదన్నారు. దీనికి కిట్ ఉంటుందా? – గుణదల, విజయవాడ

ముందు ఆయిల్. జీవితాంతం అన్న మాట మన ఎండలకీ, మన ట్రాఫిక్‌కీ నప్పదు. 60 వేల కిలోమీటర్లకు ఒకసారైనా మార్చడం మా సలహా. ఇలాంటి గేర్‌బాక్సుల్లో ఒత్తిడిని కంప్యూటర్, సాలినాయిడ్ల ద్వారా క్షణక్షణం సర్దుతుంది. క్లచ్చు అరిగేకొద్దీ, ఆయిల్ పాతబడేకొద్దీ దానికి తగ్గట్టు తనే నేర్చుకుంటుంది. ఆ సర్దుబాటు హద్దు దాటాక దెబ్బ మొదలవుతుంది. కాబట్టి గట్టి స్ప్రింగు వేసి ఒత్తిడి పెంచితే కంప్యూటర్ మళ్లీ దాన్ని తగ్గించాలని చూస్తుంది. రెండూ ఒకదానికొకటి ఎదురు లాగుతాయి.

చాలా ఆరు గేర్ల బండ్లకు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు, కింది లెవెల్ బోల్టు విప్పి చూడాలి. చాలావాటికి అది 35–45 డిగ్రీల దగ్గర ఉంటుంది. విజయవాడ మే నెలలో నీడలో ఉన్న బండే ఆ వేడిలో ఉంటుంది కాబట్టి తెల్లవారుజామునే ఆ పని పెట్టుకోవాలి, స్కానర్‌లో ఆయిల్ వేడి చూస్తూనే చేయాలి. ఆయిల్ మార్చాక స్కానర్‌తో పాత నేర్పు చెరిపించి, కంపెనీ పద్ధతిలో మళ్లీ నేర్పించండి. చెరిపి ఊరుకుంటే కొన్ని రోజులు ఇంకా ఎక్కువ కొడుతుంది.

అప్పటికీ తగ్గకపోతే వాల్వ్ బోర్లు అరిగాయేమో వాక్యూమ్ పరీక్షతో తేలుతుంది. ఈ తరం గేర్‌బాక్సులకు దొరికే కిట్లు నిజానికి ఆ అరుగుదలకు మరమ్మతు కిట్లు. వాటిలో కొన్ని కొత్త ప్లగ్గులూ ఓరింగులూ మారిస్తే సరిపోయేవి, కొన్ని బోరుని రీమర్‌తో సరిచేసి లావు వాల్వ్ వేయాల్సినవి. రెండో రకానికి ఫిక్చర్ కావాలి, ఇంట్లో కుదరదు. వాల్వ్ బాడీ పనే ప్రత్యేకంగా చేసేచోటికి పంపండి.

ప్రశ్న: మే నెలలో హైవే మీద ఫర్వాలేదు, ఊళ్లోకి రాగానే గేరు జారుతోంది. కిట్ వేస్తే వేడి తగ్గుతుందా, విడిగా కూలర్ పెట్టాలా? – లక్ష్మీపురం, గుంటూరు

షిఫ్టులో పుట్టే వేడిని కిట్ కొంత తగ్గిస్తుంది. కానీ ట్రాఫిక్‌లో పుట్టే వేడిలో ఎక్కువ భాగం టార్క్ కన్వర్టర్‌ది, దాన్ని కిట్ తాకదు. హైవే మీద టార్క్ కన్వర్టర్‌ని జారకుండా పట్టే లాకప్ క్లచ్చు పట్టి ఉంటుంది, ఎదురుగాలి తగులుతుంది. ఊళ్లో ఆ రెండూ ఉండవు. ఆయిల్ 80 డిగ్రీలు దాటాక ప్రతి 11 డిగ్రీలకూ దాని ఆయువు సగానికి పడిపోతుందన్నది గేర్‌బాక్సు మెకానిక్కుల పాత లెక్క. ఆయిల్ వేడెక్కి పలచబడితే అరిగిన సీళ్ల గుండా ఒత్తిడి కారుతుంది. మీకు ఊళ్లో జారుడు అందుకే. రేడియేటర్ ఫ్యాను, రేడియేటర్ రెక్కల్లో చెత్త ముందు చూడండి. తర్వాత కూలర్.

ప్లేట్ రకం కూలర్ తీసుకుని, ఏసీ కండెన్సర్ ముందు బ్రాకెట్లతో బిగించండి. రెక్కల్లోంచి దూర్చే ప్లాస్టిక్ టైలు వద్దు. అవి కదులుతూ రెక్కల్ని కోసేస్తాయి. గేర్‌బాక్సు నుంచి వేడి ఆయిల్ ముందు రేడియేటర్‌లోని పాత కూలర్‌కి, అక్కడి నుంచి కొత్త కూలర్‌కి, ఆ తర్వాత వెనక్కి వెళ్లాలి. ఏ పైపు ఏదో తెలియకపోతే చల్లటి బండి స్టార్ట్ చేయండి, ముందు వేడెక్కేది బయటికి వచ్చే పైపు. పైపుకి ఏటీఎఫ్ కోసమే చేసిన రబ్బరు హోస్ వాడండి. నీళ్ల హోసు కొద్ది నెలల్లో ఉబ్బి ఊడిపోతుంది. కూలర్ పట్టినంత ఆయిల్ అదనంగా పోసి లెవెలు మళ్లీ చూడండి.

పాత రేడియేటర్ లోపల పగిలి కూలెంటు ఆయిల్‌లో కలవడం కూడా ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా కనిపిస్తే బండిని ఒక్క అడుగు కూడా నడపకండి.

ప్రశ్న: బుడమేరు వరదలో మునిగిన బండిని తక్కువకి కొన్నాను. ఇంజిన్ బాగుంది, గేర్లు మాత్రం జెర్కు. ఆయిల్ రెండుసార్లు మార్చాను. షిఫ్ట్ కిట్ వేయమంటున్నారు. – సింగ్ నగర్, విజయవాడ

వద్దు. 2024 సెప్టెంబరు వరదలో అక్కడ బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గేర్‌బాక్సు బ్రీతర్, డిప్‌స్టిక్ గొట్టం గుండా నీళ్లు లోపలికి వెళ్తాయి. క్లచ్చు ప్లేటు మీది లైనింగు కాగితం రకానిది, ఇనుప ప్లేటుకి జిగురుతో అంటించి ఉంటుంది. నీళ్లు తగిలితే ఆ జిగురు వదులుతుంది, ఇనుము తుప్పుపడుతుంది. ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఊడుతున్న లైనింగు అతుక్కోదు. ఆ ముక్కలే ఫిల్టరులో, సాలినాయిడ్లలో చేరి జెర్కు ఇస్తాయి. ఒత్తిడి పెంచితే ఊడడం ఇంకా తొందరవుతుంది. పాన్ విప్పి చూడండి. నల్లటి పొరల్లాంటి ముక్కలుంటే క్లచ్చులు, సీళ్లు, సాలినాయిడ్లు మార్చి, టార్క్ కన్వర్టర్‌ని కోసి శుభ్రం చేయించే పూర్తి ఓవర్‌హాలు కావాలి. ఇంకో గేర్‌బాక్సు దొరికితే వేసుకోవడం కూడా దారే. రెండు ధరలూ కనుక్కుని నిర్ణయించుకోండి. కొత్తది వేసినా పాత కూలర్‌నీ పైపుల్నీ కడిగించకుండా బిగించనివ్వకండి. అందులో మిగిలిన తుప్పూ ముక్కలూ కొత్తదానిలోకే పోతాయి.

ప్రశ్న: ఆయిల్ మార్చాక పాతది ఎక్కడ పారబోయాలి? – మంగళగిరి

నేల మీద వద్దు, కాలువలో అసలే వద్దు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నీళ్లు పొలాలకీ మనుషులకీ చేరేవే. వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. మూత గట్టి డబ్బాలో పోసి, కూలెంటూ పెట్రోలూ కలపకుండా, పాత ఆయిల్‌ని అనుమతి ఉన్న రీసైక్లింగు యూనిట్లకు పంపే సర్వీసు సెంటర్‌కి ఇవ్వండి. ఫిల్టరుని ఒక రాత్రంతా ట్రేలో బోర్లించి ఆరనిచ్చి, దాన్నీ అక్కడే ఇవ్వండి.